బురదలో తోలుటోపీ

"మీ బావకి చెప్పు, కాఫీ చల్లారిపోతోందని," అంది మా అక్క కోరా.

బావ ఎదురుగానే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం. అయినా నేను కోర్టు బంట్రోతులా గొంతు సవరించుకున్నాను.

"బావా, కాఫీ చల్లారిపోతోందట."

"విన్నాను," అన్నాడు ఆర్లో బావ.

"విన్నాడట అక్కా."

ఎవరూ నవ్వలేదు. ఆదివారం నుంచి వాళ్ళిద్దరి మధ్యా తంతి తీగని నేనే. నా గుర్రాల కొట్టంలో గుర్రాలు కూడా ఆ మూడు రోజుల్లో వీళ్ళిద్దరి కంటే ఎక్కువ మాట్లాడుకున్నాయి.

అందుకే ఆ పొద్దున ఒక పని చేశాను. మేజోళ్ళు కుట్టుకునేటప్పుడు అక్క లోపల పెట్టుకునే కొయ్యగుడ్డు ఒకటుంది. దాన్ని బావ గుడ్డుగిన్నెలో పెట్టాను. మామూలు రోజుల్లో అయితే బావ చెంచాతో ఒక దెబ్బ కొట్టి, ఇంకో దెబ్బ కొట్టి, మూడో దెబ్బ నా నెత్తి మీద కొట్టేవాడు.

బావ చెంచాతో తట్టాడు. టక్కుమంది. మళ్ళీ తట్టాడు. తర్వాత గుడ్డుని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, ఉత్త రొట్టె తిన్నాడు. నావైపు చూడను కూడా లేదు.

నేను ఎన్నో వేళాకోళాలు చేశాను గానీ, ఒక్కటీ అంత అన్యాయంగా చచ్చిపోలేదు.

"మీ బావని అడుగు," అంది అక్క, పొయ్యివైపు తిరిగి, "గురువారం పండక్కి బల్ల మీద నాలుగు కంచాలు పెట్టాలా, మూడా అని."

"నాలుగు," అన్నాడు బావ. "ఐరా వస్తాడు."

"ఏ ముఖం పెట్టుకుని వస్తాడో అడుగు. పిరికివాడని కాలేజీలో వాడి గది తలుపుకి కోడి ఈకలు కట్టారట. పండగ ఆటలో వాణ్ణి దింపడం లేదట. కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టాడట. ఇవన్నీ నాకు మాంసం కొట్టువాడు చెప్పాలి. కన్నతండ్రి చెప్పడు. కన్నతండ్రి పేపర్లో రాస్తాడు."

బావ కప్పు దించాడు. "నేను చూసింది రాశాను కోరా. నా కొడుకని దాచేస్తే, రేపు ఇంకొకడి కొడుకు గురించి ఏ నోటితో రాస్తాను?"

అక్క ఇటు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి తిన్నగా బావ ముఖంలోకి చూసింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"మీరు చూసింది వాణ్ణి కాదు. మీ టోపీని. ఆ టోపీ ఎక్కడ కనిపించినా మీకు మీరే కనిపిస్తారు. వాడెప్పుడు కనిపించాడు గనక?"

కింద పిల్లి పాలు తాగుతోంది. దాని గిన్నె కింద అక్క ఆదివారం పేపరు పరిచింది. బావ పేరున్న పేజీయే, పైకి కనబడేలా.

బావ లేచి, పిల్లిని దాటుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

*

ఆ టోపీ సంగతి మా థోర్న్‌బరీలో తెలియనివాళ్ళు లేరు. బంతి చంకన పెట్టుకుని పరుగెత్తే మా ఫుట్‌బాల్లో తల పగలకుండా పెట్టుకునే తోలుటోపీ అది. బావ కాలేజీలో ఆడే రోజుల్లో ఒకసారి మంచు కురుస్తుంటే, మైదానం ఈ చివర బంతి పట్టుకుని ఆ చివరిదాకా ఒక్కడే పరుగెత్తాడు. ఎవడో వెనక నుంచి టోపీ పట్టుకుని లాగితే చెవి మీది తోలు చిరిగింది. బావ ఆగలేదు. తర్వాత వాళ్ళమ్మ దాన్ని ఎర్రదారంతో కుట్టింది. ఊళ్ళో దాన్ని 'ఆ పరుగు' అంటారు. ఏ పరుగని ఎవరూ అడగరు.

ఆ పరుగు పేరు మీదే నగరం పేపరువాళ్ళు బావకి ఉద్యోగమిచ్చారు. రాయడం తర్వాత నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఏదో ఒక ఊళ్ళో విలేకర్ల మంచె మీద కూర్చుని, ఎవరెవరి పిల్లలో ఆడుతుంటే చూసి, హోటల్లో ఒంటరిగా తిని, రైల్లో కునుకు తీసి వస్తాడు. కొడుకు పుట్టినరోజులు చాలావాటికి ఆయన మరో కాలేజీ ఊళ్ళో ఉన్నాడు. ఈ ఏడే ఐరా మన కాలేజీ జట్టులోకి వచ్చాడు. బావ బీరువాలోంచి టోపీ తీసి వాడి చేతిలో పెట్టాడు. అంతకుముందు వాడికి ఆయన అంత ప్రేమగా ఇచ్చింది ఇంకేదీ నాకు గుర్తులేదు.

పోయిన శనివారం ఈస్ట్‌లేక్ వాళ్ళతో ఆట. పొద్దుట్నుంచీ వాన. రెండో సగానికి ఇరవై రెండు మందీ ఒకే బురదముద్ద. చొక్కాల మీద అంకెలా, పేర్లా, ఏమైనా ఉంటేగా. అందుకే ప్రతి విలేకరి పక్కనా ఒక కాలేజీ కుర్రాడు కూర్చుని, అదుగో ఫలానా, ఇదుగో ఫలానా అని పేర్లు చెబుతుంటాడు. అది ఆ మంచె మీద రివాజు.

మా బావ మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వడు. "ఈ మైదానం మట్టి నేనూ తిన్నాను. వీపు చూసి మనిషిని చెబుతాను," అంటాడు.

ఆట చివర్లో ఈస్ట్‌లేక్ వాడొకడు బంతి పట్టుకుని గీత వెంబడి దూసుకొచ్చాడు. మధ్యలో అడ్డం ఒక్కడే ఉన్నాడు. తల మీద తోలుటోపీ, చెవి దగ్గర ఎర్రదారం. వాడు వచ్చేవాణ్ణి పట్టుకోలేదు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మనం ఓడిపోయాం.

బావ అక్కడికక్కడే తంతివాడికి చెప్పి రాయించాడు. 'ఆ చివరి మనిషి నా కొడుకు. తండ్రిగా నేనేమీ అనను. కానీ ముఖం తిప్పుకున్నవాడు ఎవడి కొడుకైనా ఆటగాడు కాడు.'

ఆ రెండు మాటలూ బోస్టన్‌లో కూడా అచ్చయ్యాయి.

*

మధ్యాహ్నం బావ గడ్డం గీయించుకోవడానికి మంగలి కొట్టుకి వెళ్తుంటే నేనూ తోకలా వెళ్ళాను. ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

"ఇదిగో ధర్మరాజు వచ్చాడు," అన్నాడు మంగలి సైలస్. "నా కొడుకైతే నేను రాయలేకపోదును ఆర్లో. బల్ల కింద దాచేద్దును."

"నీ కొడుకు బల్ల కింద పట్టడు సైలస్," అన్నాను నేను. కొట్లో అందరూ నవ్వారు. బావ తప్ప.

సైలస్ బావ గడ్డానికి సబ్బు రాస్తూ అడిగాడు, "అది సరేగానీ, ఇంకొకణ్ణి గురించి రాశావు చూడు, మైదానం అవతలి గట్టు నుంచి వెంటబడి వచ్చాడే, ఎవడు వాడు?"

"తెలియలేదు," అన్నాడు బావ. "బురద."

"భలే రాశావులే. 'మీద పడ్డ ఇద్దర్ని విదిలించుకుని, మైదానమంతా అడ్డంగా పరుగెత్తి, బెత్తెడు దూరంలో తప్పిపోయాడు. వాడి పేరు నాకు తెలియదు, కానీ ఆ రోజు మైదానంలో ఫుట్‌బాల్ గుండె ఉన్నవాడు వాడొక్కడే.' నేను మా ఆవిడకి పైకి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి బంతి గుండ్రమో పలకో కూడా తెలియదు."

"ఎవడైతేనేం," అన్నాడు బావ. "బాగా పరుగెత్తాడు."

మూలన కూర్చున్న ముసలాయన ఒకడు, "ఆర్లో, ఆ పరుగు సంగతి మళ్ళీ చెప్పవయ్యా," అన్నాడు. ప్రతివారం అడుగుతాడు. ప్రతివారం బావ చెబుతాడు. మంచు ఎంత మందాన ఉందో అక్కడ మొదలుపెట్టి, చేతులతో చూపిస్తాడు.

బావ మొదలుపెట్టాడు. మంచు దాకా వచ్చాడు. టోపీ దాకా వచ్చాడు. అక్కడ ఆగి, "మీకు తెలిసిందేగా," అని కళ్ళు మూసుకున్నాడు.

సైలస్ కత్తి తీసి గడ్డం గీయడం మొదలుపెట్టాడు.

*

సాయంత్రం కాకుండానే అక్క ఇచ్చిన గుమ్మడికాయ తీపిరొట్టె, ఉన్ని మేజోళ్ళు బండిలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. ఐరా గదిలో లేడు. తలుపుకి ఈకలు మాత్రం ఉన్నాయి. నాటుకోడి ఈకలు. ఇంత చదువు చదివి సరైన తెల్ల ఈకలు కూడా తేలేకపోయారు వెధవలు. పీకి జేబులో కుక్కుకున్నాను.

వాడు భోజనశాల వంటింట్లో దొరికాడు. చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ఉన్నాయి. పక్కన ఓవీలా అని ఇంకో కుర్రాడు కంచాలు తుడుస్తున్నాడు. బట్టలమిల్లు వాడలో ఉండే ఫ్రెంచివాళ్ళ పిల్లాడు. జట్టులో ఆడతాడు కాబట్టి కోచ్ ఆ గిన్నెల పని ఇప్పించాడు. ఆ పనికి బదులు తిండీ చదువూ. వాడి చెవికి పెద్ద కట్టు ఉంది.

"ఏరా, పేపర్లో పేరు పడగానే గిన్నెలు తోముకునే స్థితికొచ్చావా?" అన్నాను.

"పని నేర్చుకుంటున్నా మావయ్యా. ఫుట్‌బాల్ రానివాడికి ఏదో ఒకటి రావాలిగా," అన్నాడు ఐరా. నవ్వబోయాడు. నవ్వు నోటి దగ్గరే ఆగింది.

"గురువారం ఇంటికి రా. మీ అమ్మ కంచాలు లెక్కపెడుతూ కూర్చుంది."

"రానులే."

"మీ నాన్న ఏమీ అనడు. ఆయన అనేదంతా అచ్చులోనే అంటాడు."

ఠప్పుమని చప్పుడైంది. ఓవీలా కంచం జారవిడిచాడు. ముక్కలు ఏరకుండా, "నేను చెప్పేస్తా ఐరా. నావల్ల కాదు," అన్నాడు.

"నోర్ముయ్యి ఓవీలా."

"అయ్యా, ఆ టోపీలో ఉన్నది నేను," అన్నాడు ఓవీలా నాతో. "సగం ఆటలో నా చెవి చీలిపోయింది. ఐరా తన టోపీ తీసి నాకు పెట్టాడు. ఆ బురదలో కోచ్‌తో సహా అందరూ టోపీనే చూశారు. ఆ ఈస్ట్‌లేక్ వాడు వస్తుంటే మోకాలు తిన్నగా ఈ చెవి మీదికే వస్తున్నట్టు కనిపించింది. ముఖం తిప్పుకుని కళ్ళు మూసుకున్నాను. అంతే."

నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. చూస్తే డాక్టర్ని పిలుస్తారు.

"మరి నువ్వెక్కడున్నావురా?" అన్నాను ఐరాతో.

"అవతలి గట్టున. ఉత్త తలతో."

"మీద ఇద్దరు పడ్డారు," అన్నాడు ఓవీలా. "విదిలించుకుని లేచి వచ్చాడు. ఇంకొక్క బెత్తెడు ఉంటే పట్టేసేవాడే."

నేను అక్కడున్న పీట మీద కూర్చుండిపోయాను.

"మావయ్యా, నాన్నకి చెప్పకు," అన్నాడు ఐరా. "తెలిస్తే రాస్తాడు. రాయకుండా ఉండలేడు, నీకు తెలుసుగా. ఓవీలాని జట్టులోంచి తీసేస్తారు. ఈ పని పోతుంది. వాళ్ళమ్మ మిల్లులో దగ్గుతూ పనిచేస్తోంది వీడు చదువుతాడని. నాకేం? ఈకలేగా."

"పిరికివాడన్న పేరు మోస్తావా, ఊరికే?"

వాడు ఇంకో గిన్నె తీసి తోమడం మొదలుపెట్టాడు.

"పిరికివాడన్నందుకు కాదు మావయ్యా. అది పడతాను. నాన్న ఆ మధ్యాహ్నమంతా నావైపే చూస్తూ కూర్చున్నాడు కదా. మంచె మీద ఆయన నల్లటోపీ కనిపిస్తూనే ఉంది నాకు. ఆయన చూస్తున్నాడనే అంత పరుగెత్తాను." చెయ్యి తుడుచుకోకుండానే ముక్కు రుద్దుకున్నాడు. "నేనెవరో ఆయనకి తెలియలేదు."

నేను తీపిరొట్టె అక్కడ పెట్టి, మేజోళ్ళు మర్చిపోయి బండిలోనే తెచ్చేశాను.

*

మర్నాడు పండగ ముందురోజు. అక్క పిండి ఒత్తుతోంది. వెనక తలుపు ఎవరో తట్టారు. తీస్తే ఓవీలా, చంకలో ఏదో గుడ్డలో చుట్టినది.

"ఇక్కడ గిన్నెలన్నీ కడిగేశాం, వెళ్ళు," అన్నాను మెల్లగా, తలుపు మూయబోతూ.

వాడు కాలు అడ్డం పెట్టాడు. "ఆర్లో పెన్నిమన్ గారిని చూడాలి."

"ఎవరది?" అంటూ బావ గదిలోంచి వచ్చాడు.

ఓవీలా గుడ్డ విప్పి టోపీ బల్ల మీద, పిండి పక్కన పెట్టాడు. శుభ్రంగా కడిగి, నూనె రాశాడు. ఎర్రదారం మెరుస్తోంది.

"ఇది మీది సార్. శనివారం రెండో సగమంతా నా తల మీదే ఉంది."

అక్క చేతిలో కర్ర ఆగిపోయింది.

బావ టోపీ వంక చూశాడు. కుర్రాడి చెవి కట్టు వంక చూశాడు.

"కూర్చో," అన్నాడు బావ. "చెవి చూపించు."

కట్టు విప్పి, వెలుగులోకి తిప్పి చూశాడు. మళ్ళీ తనే కట్టాడు. ఆటగాళ్ళకి కట్టు కట్టడం ఆయనకి వచ్చు. కడుతూనే అడిగాడు, "అప్పుడు ఐరా ఎక్కడున్నాడు?"

"అవతలి గట్టున సార్."

బావ చేతులు ఆగాయి. వంగి, పిల్లి గిన్నె కింది పేపరు లాగాడు. పాలు ఒలికిపోయాయి. తడిసిన కాగితాన్ని దులిపి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, తను రాసింది తనే చదువుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. 'వాడి పేరు నాకు తెలియదు' అన్న దగ్గర కదలడం మానేశాయి.

"రాసెయ్యండి సార్," అన్నాడు ఓవీలా. "నా పేరు రాసెయ్యండి. ఐరా వద్దన్నాడు గానీ, నాకు నిద్ర పట్టడం లేదు." అని, టోపీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

"రాయాలి," అన్నాడు బావ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఐరా వద్దన్నాడు బావా," అన్నాను. "ఆ పిల్లాడి అన్నం పోతుందని."

బావ ఇటు తిరిగాడు. "నీకు తెలుసా?"

"నిన్నటి నుంచి."

"నాకు చెప్పలేదే."

"ఈ ఊళ్ళో నన్ను నమ్మి ఒక మాట చెప్పినవాడు వాడొక్కడే బావా. వాడి దగ్గర కూడా కోతిని అయిపోవాలా?"

అక్క పిండిచేతులతోనే వచ్చి బావ పక్కన నిలబడింది. "మీ బావకి చెప్పు..." అని మొదలుపెట్టింది. ఆపేసింది. తర్వాత ఆయనతోనే అంది. "నా కొడుకు పేరు కడగండి. ఎలా కడుగుతారో నాకు తెలియదు. కానీ ఇంకొక తల్లి కొడుకుని ముంచి కడక్కండి."

"ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి కోరా?"

"మీరేగా రాయడం వచ్చినవారు," అంది అక్క.

*

పండగ పొద్దున నేల గడ్డకట్టి ఉంది. బురద లేదు. ఊరంతా మైదానంలోనే. నేను పేర్లు చెప్పే కుర్రాళ్ళు పెట్టుకునే నీలం రిబ్బను ఒకటి కొట్టేసి, కోటుకి గుచ్చుకుని మంచె ఎక్కాను. కాపలావాడు, "నువ్వు ఏ తరగతి?" అన్నాడు. "నాలుగో తరగతి, మూడుసార్లు," అన్నాను. నిజమే గనక వదిలేశాడు.

బావ ఎప్పటిలా ఒంటరిగా కూర్చున్నాడు. మోకాలి మీద టోపీ ఉంది. పక్కన తంతి పంపే ముసలి ఓగ్డెన్ వేళ్ళు ఊదుకుంటున్నాడు.

తిడతాడనుకుని దూరంగా నిలబడ్డాను. బావ పక్క కుర్చీ మీది కాగితాలు తీసేశాడు.

"కూర్చో మైలో. పేర్లు చెప్పు."

"నేనా? నాకు నా పేరే ఒక్కోసారి తప్పు పడుతుంది."

"కళ్ళున్నాయిగా. చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటివాణ్ణి నేను. వేళాకోళం ఒకటి నాలిక చివర దాకా వచ్చింది. మింగేశాను.

జట్టు దిగింది. ఓవీలా వచ్చాడు, చెవికి బావ కట్టిన కట్టు. టోపీ లేదు. చెప్పాను. ఒక్కొక్కరినే చెప్పాను. బావ ప్రతి పేరుకీ తల ఊపాడు.

"ఏం పంపమంటారు?" అన్నాడు ఓగ్డెన్, మీట మీద వేలు పెట్టి.

బావ గొంతు తగ్గించి చెప్పాడు. "శనివారం చివరిదాకా వెంటబడి పరుగెత్తిన కుర్రాడి పేరు తెలియదని రాశాను."

మీట టకటకలాడింది.

"ఇప్పుడు తెలిసింది."

మళ్ళీ టకటక. ఆ రెండు మాటలూ తీగ మీద నగరానికి వెళ్ళిపోయాయి. ఇక వెనక్కి రావు. పేరు ఒక్కటే మిగిలింది. ఐరా పేరు చెబితే, మరి టోపీలో ఉన్నదెవరని సాయంత్రానికల్లా సైలస్ కొట్టు నుంచి బోస్టన్ దాకా అందరూ అడుగుతారు. చెప్పకపోతే ఆ ఈకలు వాడి వెంట జన్మంతా వస్తాయి.

బావ ఆగిపోయాడు.

కింద ఆట మొదలుపెట్టడానికి ఈల వేశారు. జనం అరుపు లేచింది. ఆ అరుపులో, బెంచీ చివర దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడొకడు మైదానంవైపు చూడకుండా వెనక్కి తిరిగాడు. మంచెవైపు తలెత్తాడు. బావ మోకాలి మీద ఉన్నదాన్ని చూశాడు. మైదానంలో ఓవీలాని చూశాడు. మళ్ళీ ఇటు చూసి, వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"బావా," అన్నాను, "బెంచీ చివర ఐ..."

"చెప్పకు," అన్నాడు బావ. "ఈసారి నేనే చూశాను."

ఆయన కొడుకు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చేతిలో టోపీ నలిగిపోతోంది.

ఓగ్డెన్ చలికి ఎర్రబడ్డ వేలిని మీట మీద ఆనించి, తల తిప్పకుండానే అడిగాడు.

"పేరు చెప్పండి సార్."